గురువారం ఓడ, ఆరో నంబరు క్రేను

పోయిన వారం మనం గళ్ళమ్మను పైలట్ల ఆఫీసులో, తెరిచిన రిజిస్టరు ముందు, తెరిచిన నోటితో నిలబెట్టి వచ్చేశాం. రిజిస్టరు ఎవరో మూసేశారు గానీ, ఆమె నోరు ఇంకా పూర్తిగా మూతపడలేదు.

గళ్ళమ్మ అన్నది రేవులో పెట్టిన పేరు. ఏ ఓడ గట్టు మీద ఏ చోట, ఏ గంటకు, ఎటు తల పెట్టి ఆగాలో, దాని మీద ఏయే క్రేన్లు పనిచేయాలో గళ్ళ కాగితం మీద గీసిచ్చేది ఆమే. పదకొండేళ్లుగా ఆమె గీసిన గీతను ఏ ఓడా దాటలేదు. అలాంటిది, గురువారం గురువారం వచ్చే ఒక ఓడ నాలుగు వారాలుగా ఆమె గీసినట్టు కాక తిరగేసి ఆగుతోంది. ఓడల్ని బయటి నీళ్ళ నుంచి గట్టు దాకా నడిపించుకొచ్చే పైలట్లు ఊరికే తిప్పరు కదా. వాళ్ళ రిజిస్టరులో నాలుగుసార్లూ ఒకటే మాట: “ప్లానింగ్ గది నుంచి ఫోను. గళ్ళమ్మగారు అడిగిన మీదట ఓడను తిప్పడమైనది.”

ఆ ఫోన్లు ఆమె చేయలేదు. ఆ మాట నమ్మడానికి ఈ భూమ్మీద ప్రస్తుతానికి ఒక్క మనిషే ఉంది, అది ఆమే.

విచారణకు వచ్చిన అధికారిని రేవులో అందరూ కళ్ళజోడు అంటారు. ఆయన మొహంలో గుర్తుపెట్టుకోదగ్గది ఇంకేమీ లేదు మరి. నిన్న ఆయన తన గది తలుపు వేసి, గొంతు తగ్గించి చెప్పాడు. “రేపు నాలుగింటికి పెద్దవాళ్ళ ముందు మీటింగు. మీరు కాకపోతే ఎవరో పేరు చెప్పండి. పేరు లేకపోయినా, మీరు రాకపోయినా, మీరేనని రాసేస్తాను. ఈ గంట సంగతి మనిద్దరి మధ్యే, పెద్దవాళ్ళను కూడా అప్పటికప్పుడే పిలుస్తాను. మూడో చెవిన పడితే దొంగ జాగ్రత్తపడతాడు.”

ఆమె భర్తకు కూడా చెప్పలేదు. తిన్నగా డ్యూటీల పట్టిక తీసి చూసింది. నాలుగు గురువారాలూ ఆరో నంబరు క్రేను మీద ఉన్నది ఒక్కడే. ఆమె సొంత మరిది.

ఓడ తిరగేస్తే ఏమైందట అని అడుగుతారు. అదేం చిన్న సంగతి కాదు. గట్టు పొడవునా రెండు పట్టాలు, వాటి మీద ఆరు క్రేన్లు. ఒకే కడ్డీకి ఎక్కించిన కర్టెన్ రింగుల్లాంటివి అవి. అటూ ఇటూ జరుగుతాయి గానీ ఒకదాన్ని దాటి ఒకటి పోలేదు. ఆరోది పడమటి కొసన ఉంటుంది, ఎప్పటికీ అక్కడే ఉంటుంది. గళ్ళమ్మ గీసినట్టు ఓడ పడమటికి తల పెట్టి ఆగితే, దాని తోక భాగం నాలుగో క్రేను కిందికి వస్తుంది. తిరగేస్తే ఆ తోక వచ్చి ఆరో క్రేను కింద పడుతుంది. ఆరోది ముసలిది. మిగతా క్రేన్లు ఎత్తిన ప్రతి కంటైనర్ పెట్టె బరువూ దానంతటదే కంట్రోలు గది తెర మీదికి పోతుంది. ముసలిదానికి ఆ సౌకర్యం లేదు. క్యాబిన్లో ఒక గుండ్రటి డయలు, అందులో ఒక ముల్లు. ఆ ముల్లు ఏం చెప్పినా దాని ముందు కూర్చున్న డ్రైవరుకే చెబుతుంది.

అంటే ఓడ తోకలో, ఎవరికీ బరువు తెలియకూడని పెట్టె ఏదో ఉంది. దాన్ని దించే చేతులు మరిదివి.

అనుమానం పెనుభూతం అంటారు. ఆ భూతం ఈ ఇంట్లో నిన్న రాత్రి నుంచి పీట వేసుకుని కూర్చుంది. మరిది రెండోసారి వడ్డించుకుంటే, ‘తప్పు చేసినవాడికి ఆకలెక్కువ’ అనుకుంది. పొద్దున సగం తిని లేచిపోతే, ‘తప్పు చేసినవాడికి ముద్ద దిగదు’ అనుకుంది. కొత్త బూట్లు వేసుకున్నాడు. అవి కొనిచ్చింది తనేనని గుర్తొచ్చేదాకా, వాటిని కూడా నేరంలో జమకట్టింది.

ఇవాళ మళ్ళీ గురువారం. పొద్దున్నే పైలట్ల ఆఫీసుకు వెళ్ళి, ఓడ పడమటికే తల పెట్టాలని ఎర్ర బాణం గీసిన కాగితం ఇచ్చి, “ఫోన్లో ఎవరు చెప్పినా తిప్పకండి, నేనని చెప్పినా సరే తిప్పకండి” అని చెప్పి వచ్చింది. అక్కడి గుమాస్తా, “మీరు చెప్పినా మీ మాట వినొద్దని మీరే చెబుతున్నారు, అంతే కదండీ?” అని ఒకటికి రెండుసార్లు రూఢి చేసుకున్నాడు. తర్వాత, మధ్యాహ్నం తిండి వేళకు పనులన్నీ ఆగినప్పుడు, ఆమె ఆరో క్రేను కాలి దగ్గరకు నడిచింది.

లిఫ్టు మీద ‘పనిచేయదు’ అన్న అట్ట వేలాడుతోంది. అట్ట అంచులు కూడా ఎండకు చుట్టుకుపోయాయి. పక్కన మెట్లకు ఇనుప తలుపు. తోసుకుని ఎక్కడం మొదలుపెట్టింది.

కాగితం మీద క్రేనును జరపడానికి పెన్సిలు చాలు. ఎక్కడానికి మోకాళ్ళు కావాలి. అరవయ్యో మెట్టు దగ్గర మరిదిని తిట్టింది. నూరో మెట్టు దగ్గర అతన్ని కన్నవాళ్ళను. నూట యాభయ్యో మెట్టు దగ్గర ఈ రేవును కట్టినవాళ్ళను. ఆ పైన తిట్టడానికి ఊపిరి లేక అందరినీ క్షమించేసింది.

క్యాబిన్ తలుపు తీసేసరికి మరిది క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని తింటున్నాడు. ఆమెను చూసి చెంచా జారవిడిచాడు.

“వదినా! నువ్వేంటి ఇక్కడ? ఇంట్లో అందరూ బాగానే ఉన్నారా?”

ఆమె నీళ్ళ సీసా వైపు వేలు చూపించింది. సగం తాగాక గానీ మాట రాలేదు.

“లిఫ్టు పనిచేయదని కింద రాసిపెట్టారు కదా!” అన్నాడు.

“చదవడం వచ్చురా. ఎక్కడమే రాలేదు.”

పని నేర్చుకునేవాళ్ళ కోసం మూల ఒక మడత కుర్చీ ఉంది. దించి కూర్చుంది. కాళ్ళ కింద నేలంతా అద్దం. అద్దం అడుగున నలభై మీటర్ల గాలి, దాని అడుగున లారీలు అగ్గిపెట్టెల్లా వరసగా ఉన్నాయి. తన కాగితం మీద ఇంత ఎత్తు ఎప్పుడూ కనబడలేదు ఆమెకు.

“కిందికి చూడకు.”

“చూడను. నిన్ను చూడ్డానికి వచ్చా. ఏరా, గురువారాలంటే అంత ఇష్టమా నీకు?”

మరిది నమలడం ఆపాడు.

“నాలుగు గురువారాలు” అంది ఆమె వేళ్ళు మడుస్తూ. “అందులో రెండు నీ వంతు కావు. అడిగి మరీ మార్చుకున్నావు. ఒకసారి జ్వరంతో వచ్చావు. ముసలిదాని మీద డ్యూటీ అంటే మిగతావాళ్ళు దణ్ణం పెట్టి పారిపోతారు.”

“ఎవరో ఒకరు చేయాలి కదా.”

“ఓహో, సేవ. గ్యాస్ సిలిండరు వంటింట్లోకి జరపమంటే నడుం నొప్పి వచ్చే మనిషికి ఇక్కడ సేవ గుర్తొస్తుందా?”

అతను క్యారేజీ మూత పెట్టాడు. తలుపు వైపు చూశాడు. గోడకున్న నల్ల ఫోను వైపు చూశాడు. తర్వాత ఆమె మొహంలోకి, అతి జాగ్రత్తగా, పొయ్యి మీద పాలను చూసినట్టు చూశాడు.

“వదినా, ఇక్కడ వద్దు. నువ్వే కదా ఈ మాట ఎక్కడా ఎత్తొద్దన్నావు?”

“నేనా?”

“సరే. నువ్వనలేదు. నేను వినలేదు. చాలా?”

“చాలదు. నేనెప్పుడన్నాను?”

“నన్ను పరీక్షిస్తున్నావా? నోరు జారుతానేమోనని చూడ్డానికి ఇన్ని మెట్లెక్కి వచ్చావా? నేను జారను. నాలుగు వారాలైంది, ఎవరి దగ్గరైనా జారానా?”

గళ్ళమ్మ అతని మొహంలోకి చూసింది. వీడు నటిస్తున్నాడా? నేరం తన మీదికి నెట్టడానికి ముందే మాటలు పేర్చి పెట్టుకున్నాడా? బడికి పోయే రోజుల్లో గ్లాసు పగలగొట్టి పిల్లి మీద చెప్పినప్పుడు కూడా ఇలాగే కళ్ళు పెద్దవి చేసుకుని చూసేవాడు. ఆ పిల్లి స్థానంలో తనను తాను ఊహించుకుని ఆమె వెన్ను నిటారుగా పెట్టింది.

“చూడరా, సూటిగా అడుగుతా. ఆ తోకలో పెట్టె ఏమిటి?”

“నాకేం తెలుసు? నీ గది నుంచి వచ్చిన జాబితాలో ఖాళీ పెట్టె అని ఉంటుంది. ఖాళీది నాలుగు టన్నులు కూడా తూగదు.” అతను డయలు మీద గోటితో ఒక చోట కొట్టాడు. “నాలుగుసార్లూ ముల్లు వచ్చి ఇక్కడ ఆగింది. ఇరవై ఒకటి. ఖాళీతనం అంత బరువుంటుందా వదినా?”

ఆమె డయలు వైపు చూసింది. ముల్లు సున్నా దగ్గర అమాయకంగా ఉంది.

“ఇరవై ఒక్క టన్నులని తెలిసి నోరు మూసుకున్నావా? ఎవరికీ చెప్పలేదా?”

“ఎవరికి చెప్పను? చెబితే ముందు అడిగేది ప్లాను మీద సంతకం ఎవరిదని. సంతకం నీది. ఓడ తిప్పమన్నది నువ్వు. ఈ ఫోన్లో నాతో మాట్లాడిందీ నువ్వే. ‘ఆరో నంబరు, గళ్ళమ్మను. ఆ పెట్టె ముందు దించు, మూడో లారీ మీద పెట్టు, ఇంట్లో ఈ మాట ఎత్తకు.’ ప్రతి గురువారం ఇదే.”

“నా గొంతేనా?”

“నీ గొంతు నాకు తెలియదా? పద్నాలుగో ఏట నుంచి ఆ గొంతుతోనే కదా లేస్తున్నా. ‘లేస్తావా, నీళ్ళు పొయ్యనా’ అని.” “అమ్మ పోయాక అన్నయ్యకు ఉద్యోగమే సరిపోయేది. నన్ను బడికి పంపింది నువ్వు. ఈ కుర్చీలోకి పంపింది నువ్వు. వేరేవాడెవడైనా ఇక్కడ కూర్చుని ఆ ముల్లు చూస్తే ఊరుకుంటాడా? అందుకే నేనే మార్చుకున్నా. నువ్వేదో పెద్ద ఊబిలో ఇరుక్కున్నావనుకున్నా. అన్నయ్య ఇరికించాడేమోనని రెండు వారాలు వాణ్ణి కూడా అనుమానించా.”

“ఏం తేలింది?”

“వాడు కొట్టుకెళ్తే తెచ్చే సామాను కన్నా మరిచిపోయే సామానే ఎక్కువ. దొంగతనం వాడి వల్ల కాదు.”

నవ్వొచ్చింది గానీ ఆమె నవ్వలేదు. ఆ మాట సాక్ష్యంగా రాసుకోదగ్గది.

“అంటే నేను దొంగనని తెలిసి, నా చేతి వంట తిన్నావన్నమాట నెల రోజులు.”

“మరి నువ్వు? నేను దొంగనని అనుకుంటూ పొద్దున క్యారేజీ కట్టివ్వలేదూ?”

“కట్టాను. మూత మాత్రం గట్టిగా పెట్టలేదు.”

“అందుకా కారింది!” అన్నాడు మరిది, చొక్కా చూసుకుంటూ.

గాలికి క్రేను పాత మంచంలా కిర్రుమంది. అతను నెల రోజులుగా ఆమెను కాపాడుతూ, ఆమె నిన్నటి నుంచి అతన్ని కనిపెడుతూ, ఒకరినొకరు దొంగలని నమ్ముకుంటూ ఒకే ఇంట్లో గడిపారు. రేవులో పని అలాంటిది. ఎవరి మొహం ఎవరికీ కనబడదు. నంబరు పలుకుతుంది, గొంతు వినబడుతుంది, క్రేను కదులుతుంది. ఆ గొంతు నీదేనా అని పదకొండేళ్లలో ఎవరూ ఎవరినీ అడగలేదు.

“నేనా ఫోన్లు చేయలేదురా. ఇవాళ ఓడ తిప్పొద్దని పొద్దున్నే పైలట్లకు చెప్పొచ్చా కూడా” అంది ఆమె.

అతను ఆమె కళ్ళలోకి చూశాడు. ఈసారి పాలను చూసినట్టు కాదు.

“నాలుగింటికి మీటింగు” అంది. “అక్కడ పేరు చెప్పాలి. చెప్పకపోయినా, వెళ్ళకపోయినా, నేనేనని రాసేస్తారు. నీకు తప్ప ఎవరికీ చెప్పలేదీ మాట.”

“నా పేరు చెబుదామని వచ్చావా?”

“చెప్పాల్సొస్తుందేమో చూద్దామని వచ్చా.”

“ఇప్పుడేమనిపిస్తోంది?”

“ఇప్పుడు నీ ముల్లు కావాలి నాకు. నాతో రా. నాలుగుసార్లు ఇరవై ఒకటి చూపించిందని నువ్వు అక్కడ చెప్పు. నోరు మూసుకున్నందుకు తిట్లు పడతాయి. ఉద్యోగం కూడా...” ఆమె ఆగింది. తన సంతకాన్ని కాపాడుకోవడానికి వాడి ఉద్యోగాన్ని అడుగుతోంది తను. ఆ బేరం నోట్లో చేదుగా ఉంది.

మరిది ఒక్క క్షణం డయలు వైపు చూసి, బూటు తాళ్ళు బిగించుకున్నాడు. “వస్తా” అన్నాడు. “తిట్లు నాకు అలవాటే కదా. పదహారేళ్లుగా నీ దగ్గరే తర్ఫీదు.”

లేవబోయి అతను ముందద్దం దగ్గర ఆగిపోయాడు.

“వదినా. నువ్వు తిప్పొద్దని కదా చెప్పింది?”

రేవు నోట్లో, ఓడల్ని తోసే రెండు టగ్గు పడవల మధ్య, గురువారం ఓడ నిదానంగా పక్కకు వాలుతోంది. ఎర్ర బాణం గీసిన కాగితం పైలట్ల ఆఫీసులో ఎక్కడుందో గానీ, ఓడ దాన్ని చదివినట్టు లేదు. నిద్రలో అటు నుంచి ఇటు దొర్లే మనిషిలా, తొందర లేకుండా, సిగ్గు లేకుండా, తోకను పడమటికి తెచ్చుకుంటోంది.

అప్పుడు నల్ల ఫోను మోగింది.

మరిది చెయ్యి చాచి ఆగాడు. ఆమె తలాడించింది. అతను రిసీవరు తీసి ఇద్దరి చెవులకూ మధ్యగా పట్టుకున్నాడు.

“ఆరో నంబరు. ప్లానింగ్ గది. గళ్ళమ్మను.”

తన గొంతు. తన తొందర. ‘గది’ దగ్గర ఊపిరి విరిచే తన పద్ధతి. అద్దంలో చూసుకుంటే ప్రతిబింబం ముందుగా కన్ను కొట్టినట్టుంది.

“ఓడ తిరుగుతోంది, చూశావు కదా. తోకలో పెట్టె ముందు దించు. మూడో లారీ. వినబడుతోందా?”

వినబడుతోందని మరిది చేత చెప్పించి, పెట్టె దింపించి, లారీ ఎటు పోతుందో చూస్తే తెలివైన పనే. కానీ అది దించే చేతులు మళ్ళీ వీడివే అవుతాయి, ఐదోసారి, ఈసారి తెలిసి. ఆమె రిసీవరు లాక్కుంది.

“వినబడుతోందండీ. గళ్ళమ్మనే మాట్లాడుతున్నా. మీరెవరు?”

అవతల చిన్న నవ్వు. ఆ నవ్వు గళ్ళమ్మది కాదు.

“అయ్యో తల్లీ” అంది ఆ గొంతు, అరువు తెచ్చుకున్నది విడిచేసి, తన సొంత గొంతుతో. “ఈ ఎండలో అంత ఎత్తు ఎందుకెక్కావు? మోకాళ్ళు నొప్పెట్టవూ?”

గళ్ళమ్మ మడత కుర్చీలో కూలబడింది. ఈ రేవులో ఆమెను తల్లీ అని పిలిచినది ఒక్కరే. గళ్ళ కాగితం ఎలా పట్టుకోవాలో, ఫోన్లో ఎంత తొందరగా, ఎక్కడ ఊపిరి విరిచి మాట్లాడాలో నేర్పినావిడ. ఆవిడ గొంతు ఈమెకు అబ్బిందే తప్ప, ఈమె గొంతు ఆవిడ దొంగిలించిందనడానికి లేదు. ఎనిమిదేళ్లు పక్కన కూర్చోబెట్టుకుని పని చేయించి, మూడేళ్ల కిందట రిటైరైన రోజున తన కుర్చీని తన చీరకొంగుతో తుడిచి మరీ ఈమెను కూర్చోబెట్టిన పెద్దావిడ.

“పెద్దమ్మగారూ, మీరా?”

“ఫోన్లో ఎవరు చెప్పినా వినొద్దన్నావటగా పైలట్ల దగ్గర. అందుకని స్వయంగా వెళ్ళి చెప్పొచ్చాను. నువ్వు పంపావన్నాను. పాపం, కుర్చీ వేసి మంచినీళ్ళిచ్చారు. మర్యాద ఇంకా పోలేదు మన రేవులో.”

“ఎందుకండీ ఇదంతా? నా సంతకం మీద!”

“అన్నీ ఫోన్లో చెప్పుకునే మాటలు కావు తల్లీ. నువ్వు కాస్త అక్కడే కూర్చో. గాలి బాగుంటుంది. నాలుగు దాటాక దిగుదువుగాని.”

ఫోను తెగింది. కింద, మెట్ల అడుగున, ఇనుప తలుపు పడిన చప్పుడూ, దాని వెనకే గొళ్ళెం గీరుకున్న చప్పుడూ నలభై మీటర్లు ఎక్కి వచ్చాయి.

మరిది తలుపు తీసి కిందికి అరుస్తున్నాడు. గళ్ళమ్మ మాత్రం కుర్చీలోంచి కదల్లేదు. తాళం సంగతి కాదు ఆమె ఆలోచిస్తున్నది. నాలుగు. ఆవిడ నాలుగు అంది. ఆ గంట సంగతి నిన్న కళ్ళజోడు గదిలో, మూసిన తలుపుల వెనక, ఇద్దరికే తెలుసు. విన్నది తను. తన నోటి నుంచి అది విన్నవాడు మరిది ఒక్కడే, వాడు అప్పటి నుంచీ కళ్ళెదుటే ఉన్నాడు.

ఇక చెప్పినవాడొక్కడే మిగిలాడు.